చలి తెలియని నారు

చలి తగిలిందని తెలిసిన మొక్కే బతుకుతుంది. తెలియని మొక్క నవ్వుతూ చస్తుంది. హెప్సిబా నాలుగేళ్ల పరిశోధనంతా కలిపితే ఈ రెండు ముక్కలే. వాటి కోసమే రోజూ తెనాలి నుంచి బాపట్ల వ్యవసాయ కాలేజీకి రైల్లో నిలబడి వచ్చింది.

నెయ్యి పేరుకున్నట్టు, చలికి వరి ఆకులోని కణాల చుట్టూ ఉన్న పొర బిగుసుకుంటుంది. ఆ బిగువుకు పొరలో సన్నని దారులు తెరుచుకుని కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అదే కబురు. కబురందగానే నిద్రపోతున్న జన్యువులు లేస్తాయి. మొక్క ఎదుగుదల ఆపేసి, చక్కెర దాచుకుని, పొరను మళ్లీ మెత్తబరుచుకుంటుంది. చూడ్డానికి మాత్రం గిడసబారి, పాలిపోయి, దిక్కుమాలినదానిలా ఉంటుంది.

రేపల్లె వైపు రబీలో వేసే పాత దాళ్వా వరి రకంతో సంకరం చేసి ఆమె సాధించిన నారు అలాంటిదే. పక్క ట్రేలో పోల్చి చూడటానికి పెంచిన నారు వేరు. అందులో కబురందుకునే జన్యువును పాడుచేశారు. చల్లటి గదిలో వారం ఉన్నా దానికి చీమ కుట్టినట్టయినా లేదు, ఏపుగా పెరిగింది. సోమవారం అసలు పరీక్షకు రెండింటినీ నాలుగు డిగ్రీల్లో పెట్టాలి. సంకరం విత్తనాలు ఇక గింజ కూడా మిగల్లేదు. ఆ ట్రే పోతే నాలుగేళ్లూ పోయినట్టే.

ఆదివారం ఆరాధనకు వెళ్లి, సోమవారం వచ్చేసరికి గది ఖాళీ. గిడసబారిన నారు షెడ్డు వెనక ఎరువు కుప్ప మీద వేళ్లు పైకి తేలి ఎండిపోయింది. పచ్చది హాల్లో వేదిక మీద, బంతిపూల మధ్య ఉంది. నిధులిచ్చే సంస్థ నుంచి ఆ రోజు పెద్దాయన వస్తున్నాడు.

తెలియక పారేయించాడేమోనని ఆమె గైడు శివరామయ్య దగ్గరకు పరుగెత్తింది. జీవితమంతా చలి మీదే పాఠాలు చెప్పినవాడికి తెలియకపోవడమేంటని అప్పటికి తట్టలేదు.

“నాకు తెలుసమ్మా,” అన్నాడాయన, చొక్కా గుండీ పెట్టుకుంటూ. “ఆ పసుపు గడ్డి చూపిస్తే మనకెవరిస్తారు? పచ్చగా ఉన్నదే చూపించాలి. చిన్నదానివి, మళ్లీ చేసుకుంటావులే.”

హెప్సిబా థీసిస్ మీద ఆయన సంతకం ఇంకా పడలేదు. ఆమె వెళ్లి వేదిక పక్కన నిలబడింది.

పెద్దాయన ఆకులు నిమిరి మురిసిపోయాడు. ఇది ఎంత చలికీ తొణకని వంగడమని శివరామయ్య అలవోకగా చెప్పాడు. పెద్దాయన మంచివాడిలాగే ఉన్నాడు. పనిచేసిన పిల్ల నోటినే వినాలని ఆమె వైపు తిరిగాడు.

“చలికి తట్టుకునేది ఇదేనా అమ్మా?”

“అవునండి,” అంది హెప్సిబా. ఫొటో తీశారు.

సాయంత్రం ఆ ట్రేను తనే నాలుగు డిగ్రీల్లో పెట్టింది. బుధవారానికి నారంతా ఉడికించిన తోటకూరలా వాలిపోయింది. అదే పూట, ఫొటో పేపర్లో వచ్చిందని శివరామయ్య ఆమె ఫోనుకు పంపాడు. అందులో నారు నిగనిగలాడుతోంది, పక్కన హెప్సిబా నవ్వుతోంది. నవ్వినట్టు ఆమెకు గుర్తులేదు. ఆ ‘అవునండి’ అన్నప్పుడు లోపల ఏదీ కదల్లేదని మాత్రం గుర్తుంది. బతికే మొక్క ఏదో చూడగానే చెప్పగలిగిన మనిషి, తన ఫొటో చూసి భయపడింది.