ముందుకు వాలిన కెమెరా

కెమెరా ఆపరేటర్ రెనాటా బాకాకు కుడి భుజం చెడి ఏడాది దాటింది. అమెరికాలోని అల్బుకర్కీలో తీస్తున్న ఆ సీరియల్ యూనిట్‌లో ఈ సంగతి ఆమె సహాయకుడు వెండెల్ ప్రూయిట్ ఒక్కడికే తెలుసు. చేత్తో పట్టి తీసే షాట్ల కోసం కెమెరాను ఆమె ఒంటికి తగ్గట్టు అమర్చేది అతనే మరి. బ్యాటరీని వెనక్కి చేర్చి, కుడి పిడిని కిందికి దించి, భుజం మెత్తను బరువుకు నడిమధ్యకు తెచ్చి బిగించేవాడు. అప్పుడు రెండు చేతులూ వదిలేసినా కెమెరా భుజాన చిలకలా కూర్చునేది.

రెనాటా నోరు మాత్రం మంచిది కాదు. పోయిన సీజన్‌లో తనకూ ఒక షాట్ ఇప్పించమని వెండెల్ అడిగితే, భోజనాల బల్ల దగ్గర అందరూ వినేలా, "నీ చేతులు మరలు బిగించడానికే పుట్టాయి నాయనా. షాట్ తీయాలంటే కళ్లు కూడా ఉండాలి," అంది. అందరూ పగలబడి నవ్వారు. వెండెల్ కూడా నవ్వాడు.

ఇవాళ్టి షాట్ చెడితే ఇక ఆమెకు కెమెరా లేదని ఛాయాగ్రాహకుడు గారిక్ స్టోల్ పొద్దున్నే మొహం మీద చెప్పేశాడు. నటి ఏడుస్తూ ఇంట్లోంచి బయటికొస్తుంది. ఆమె మొహం వదలకుండా, వెనక్కి నడుస్తూ, వరండా మెట్లు దిగి వాకిట్లోకి రావాలి. మధ్యలో ఆపడానికి లేదు.

"ఎత్తు," అంది రెనాటా. ఆపరేటర్లు తమ కెమెరా తాము ఎత్తుకోరు. వెండెల్ ఎత్తి ఆమె భుజాన పెట్టాడు. పెట్టీ పెట్టగానే లెన్స్ నేలచూపు చూసింది. మెత్త రెండు వేళ్ల మేర వెనక్కి జరిగి ఉంది. బరువంతా కుడిచేతి మీద పడి, భుజంలో కత్తి దిగినట్టయింది.

"ముందుకు వాలుతోంది వెండెల్," అంది పళ్ల బిగువున, మెల్లగా.

"నేనేం మార్చలేదే బాస్," అన్నాడతను గొంతు పెంచి. "భుజం మళ్లీ లాగుతోందా? మొన్నటి సూదిమందు పనిచేయలేదా?"

తెర ముందు కూర్చున్న గారిక్ ఇటు తిరిగాడు.

"ఏ భుజం? ఏ సూది?" అన్నాడు గారిక్.

"ఏం లేదు. తీద్దాం పదండి."

రెండో మెట్టు దాటకముందే తెర మీద నటి నుదురు ఫ్రేము బయటికి పోయింది, తర్వాత గడ్డం పోయింది.

"ఆపు తల్లీ, ఆపు! చూసేవాళ్లకు కడుపులో తిప్పుతోంది. వెండెల్, నువ్వు పట్టగలవా?"

"చూస్తాను సార్. కాస్త నా ఒంటికి సర్దుకోనివ్వండి."

అతను మర వదులు చేసి, మెత్తను రెండు వేళ్లు ముందుకు జరిపి బిగించాడు. కెమెరా భుజానికి ఎక్కాక రెండు చేతులూ వదిలేశాడు. అది కదల్లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మెత్త ఎందుకు జరిపాడో రెనాటా ఒక్కదానికే అర్థమైంది. షాట్ చెడగొట్టి సామాను మీద నెపం వేసే ఆపరేటర్ మాట ఆ వృత్తిలో ఎవరూ వినరు.

"వెనక్కి దిగేటప్పుడు నా బెల్టు పట్టుకుని నడిపించేవాళ్లు కావాలి," అన్నాడు వెండెల్. "ఖాళీగా ఎవరున్నారు? బాస్ ఉందిగా."

ఆమె పట్టుకుంది. షాట్ మొదలైంది. అతని మడమ వరండా అంచుకు వచ్చి, కింద ఏమీ లేక గాలిలో తడుముకుంది. ఆమె వేళ్లు ఊరుకుంటే చాలు. అతను వెల్లకిలా పడతాడు, ఆ ఇనుమంతా మొహం మీద పడుతుంది. పడాలని ఆమె మనసారా కోరుకుంది. వేళ్లు మాత్రం తమకొచ్చిన పనే చేశాయి. మెట్టు మెట్టుకూ బెల్టు లాగి, పసిబిడ్డను దించినట్టు దించింది.

"భలే!" అని అరిచాడు గారిక్. "వెండెల్, ఈ కెమెరా ఇక నీదే. రెనాటా, ఇంత బాగా నడిపిస్తావని తెలీదే! సీజనంతా అతని వెనకాలే ఉండు. దీనికి భుజంతో పనిలేదుగా."

లైట్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

"జాగ్రత్తకు ఇంకొకటి తీసి పెట్టుకుందాం," అన్నాడు గారిక్.

వెండెల్ వెనక్కి చూడకుండా గుమ్మం వైపు నడిచాడు. రెనాటా బెల్టు వదలకుండా అతని వెంట వెళ్లింది.