ఇరవై ఏండ్ల తర్వాతి ముగ్గు

తుమ్మనహాళ్‌లో ముగ్గంటే నల్లమ్మే వెయ్యాలి. పెళ్లయినా, ఊరి దేవర జాతరైనా ముందురోజే వచ్చి చెప్పిపోతారు. తాడు పట్టకుండా, కొలబద్ద పెట్టకుండా గడప నుంచి వీధి మలుపు దాకా గీత లాగిందంటే అది ఎక్కడా వంకర పోదు. ఆమెకు అక్షరం ముక్క రాదు. కొలత మాత్రం కాళ్లలో ఉంది. ఏ దూరాన్నైనా అడుగులతో కొలిచి మనసులో పెట్టుకుంటుంది.

ఆ కాళ్లే ఏటేటా ఆషాఢం గాలి తగ్గాక చేనికి పోయి ఇసుకను కొలిచేవి. కణేకల్ దాటాక హగరి ఏటి ఒడ్డునున్న ఊళ్లకు ఇసుక పీడ పాతదే. ఏట్లో నీళ్లున్న రోజుల్లో అది తడిసి ఒక పక్కన పడుండేది. ఏరు ఎండిపోయాక దానికి కాళ్లొచ్చాయి. గాలికాలం వచ్చిందంటే లేచి చేలమీద పడుతుంది. నల్లమ్మ కాపురానికి వచ్చిననాడు ఇసుక ఎక్కడో ఏటిగట్టున ఉండేది. పంతొమ్మిదివందల తొంభై ఎనిమిది నాటికి ఆమె చేని పడమటి గట్టెక్కి కూర్చుంది. ఏడాదికి ఇరవై అడుగులు, గాలి ముదిరిన ఏడు ఇరవై అయిదు. ఆ నాలుగెకరాలు తప్ప ఆమెకూ, మొగుడు ఈరప్పకూ సెంటు భూమి లేదు.

ఆ ఏడే జీపులో ముగ్గురొచ్చారు. అనంతపురంలో ఏదో సంస్థలో పనిచేసే హేమావతి, ఒక ఢిల్లీ సారు, ఒక తెల్లదొర. ఏటి ఒడ్డున మూడూళ్లు చూసి అందులో ఒక్క ఊరికి ఇసుకకు అడ్డంగా చెట్లు పెట్టిస్తారట. కానుగ, సరుగుడు, మూడు వరసలు. మూడేళ్లపాటు ట్యాంకరుతో నీళ్లు కూడా వాళ్లే పోయిస్తారట. ఏ ఊరికనేది జనంతో మాట్లాడి, వాళ్లు వేసే పటం చూసి తేలుస్తారు. కాగితాలూ కలాలూ అక్కరలేదు, నేలమీద ముగ్గుపిండితో వేస్తే చాలని హేమావతి ముందే కబురు పెట్టింది.

ఆ మాట విన్నాక ఊరికి భరోసా వచ్చేసింది. ముగ్గుపిండితో అయితే తుమ్మనహాళ్‌ను మించేదెవరు?

బడి ముందర నేల ఊడ్చి, నీళ్లు చల్లి సిద్ధం చేశారు. ఇప్పుడున్న ఊరిని నల్లమ్మ గంటలో వేసింది. అరవై రెండిళ్లు, బడి, రెండు బోరింగులు, చేలు, ఏరు. దొర వంగి ఇళ్లు లెక్కపెట్టుకుని తలూపాడు. తర్వాత ఢిల్లీ సారు చాలాసేపు మాట్లాడాడు, హేమావతి తెలుగులో చెప్పింది.

"ప్రపంచమంతా మారిపోతాంది. పట్నాలు పెరుగుతాండాయి, వానలు తప్పుతాండాయి, ఫోన్లూ కంప్యూటర్లూ వస్తాండాయి. ఇంకో ఇరవై ఏండ్లకు మీ ఊరు ఎట్లుంటుందో ఈ పక్కన వెయ్యండి. మీకు తోచింది తోచినట్టు."

నల్లమ్మ పిండి ముట్టుకోలేదు. కాసేపు నిలబడి లెక్క వేసుకుంది. ఏడాదికి ఇరవై చొప్పున ఇరవై ఏండ్లు. పోయి గోడ పక్కన పేరుకున్న ఇసుక దోసెడు తెచ్చి, ఏటి దగ్గర మొదలుపెట్టి గీత పోసుకుంటూ వచ్చింది. గీత తన చేనిని దాటింది. బాటను దాటింది. పడమటి వీధి ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి ఒక కాలు అడ్డం పడింది.

ఆదెప్ప కాలు. ఊళ్లో పెద్ద మనిషి, నల్లమ్మకు వరసకు మామ. ఆ గీతను పాదంతో అటూ ఇటూ రాసి చెరిపేశాడు. మొహంలో నవ్వు చెడకుండా, పళ్ల సందున మాట్లాడాడు.

"ఏమ్మే, మతుండాదా నీకు? పిల్లను చూసుకునేదానికి వచ్చినోళ్లకు పిల్ల కుంటికాలు చూపిస్తామా? మూడూళ్లల్లో ఒగ ఊరు ఏరుకుంటారంట. పాడుబడిపొయ్యే ఊరికి ఎవురన్నా చెట్లు పెడతారా? పచ్చగా ఎయ్యి."

"ఇసక వస్తాండాది గదా మామా."

"వస్తే రానీలే. వచ్చినోళ్ల ముందర మన దరిద్రం పరస్తావా? మానం పోతాది."

నల్లమ్మ ఈరప్ప వైపు చూసింది. ఈరప్ప తన చెప్పుల వైపు చూసుకున్నాడు. జనంలో ఎవరో ఆకుపొడి గిన్నె ఆమె ముందుకు జరిపారు. వాళ్లను అనడానికీ లేదు. ఇంటికి చుట్టమొస్తే పక్కింట్లో బియ్యం అడిగి తెచ్చి వండిపెట్టే ఊరది. కడుపు కాలుతోందని ఎదుటివాడికి తెలియనివ్వడం కంటే కాలిపోవడమే నయమనుకునే మనుషులు. అట్లా బతికితే గౌరవమే. ఆ రోజు మాత్రం ఆ గౌరవమే కొంప ముంచింది.

నల్లమ్మకు కోపమొచ్చింది. కోపంతోనే ఆకుపొడి, పసుపు, ఎర్రమన్ను దగ్గరికి లాక్కుంది. ఏట్లో నీళ్లు పోసింది. కాలవ తవ్వింది. వరిమళ్లు పరిచింది. ఆసుపత్రి, ఇంటింటికీ ఫోను తీగ, వీధిలో బస్సు. పడమటి పక్క ఎవరూ నాటకుండానే మూడు వరసల చెట్లు లేచాయి. కోపంతో వేసినా ఆమె వేసిన ముగ్గులన్నింట్లోకీ అదే గొప్పది. దొర మోకాళ్ల మీద కూర్చుని నాలుగు దిక్కుల నుంచీ ఫోటోలు తీశాడు. లేచి చప్పట్లు కొట్టాడు. ఊరంతా కొట్టింది. నల్లమ్మ ఆ చప్పట్లకు పొంగిపోయింది కూడా. తర్వాత ఏండ్ల తరబడి ఆమెను తినేసింది ఆ పొంగిపోవడమే.

జీపు ఎక్కబోతూ హేమావతి వెనక్కి వచ్చింది. బాట పక్కన ఇసుక మరక మీద చూపుడువేలు పెట్టింది.

"ఈడేదో గీత వేసి చెరిపినట్టుందే. ఏంది నల్లమ్మా ఇది?"

ఆదెప్ప నాలుగు బారల దూరంలో ఉన్నాడు. అడిగింది ఆడమనిషి, అడిగింది మెల్లగా, నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. నల్లమ్మ చెవుల్లో ఇంకా చప్పట్లు మోగుతున్నాయి.

"ఏం లేదు మేడం. చెయ్యి జారింది."

నెల తర్వాత చెట్లు పక్కూరు బొమ్మక్కపల్లికి పోయాయి. సంగతేమిటో ఈరప్ప ఆ ఊరి సంతలో విని వచ్చాడు. వాళ్లకు ముగ్గు వేసే చెయ్యే లేదట. ఒక ముసలామె కట్టెపుల్లతో వంకరటింకర గీతలు గీసి, ఊరి మీద బుట్టెడు ఇసుక కుమ్మరించి, దాని పక్కనే కూర్చుని ఏడ్చిందట. తమకు రాబోయే కష్టం ఆ ఊరికి తెలుసుననీ, తుమ్మనహాళ్ మనుషులు మంచి ధైర్యంగా ఉన్నారనీ, కాబట్టి చెట్లు బొమ్మక్కపల్లికే ఇవ్వాలనీ జీపులో వచ్చినవాళ్లు రాసుకుపోయారట.

"ధైర్యమంట," అన్నాడు ఈరప్ప.

నల్లమ్మ ఆ పూట సంగటి గెలకలేదు. ఆదెప్పను తిట్టుకుంది, మొగుణ్ణి తిట్టుకుంది. చివరికి మిగిలింది తన నాలుకే. గీత చెరిపింది ఆదెప్ప కాలే. చెయ్యి జారిందన్నది ఎవరు?

ఇసుక ఎవరికోసమూ ఆగలేదు. ఏడాదికి ఇరవై అడుగులన్నది ముప్పై దాకా పోయింది. నాలుగో ఏడు చేనిలో సగం పోయింది. వేసిన వేరుశనగ విత్తనం మొలిచేలోపే ఇసుక కిందపడి కుళ్లిపోయింది. ఊళ్లో పిల్లా జెల్లా ఉన్నవాళ్లు బెంగళూరు పట్టారు. అక్కడ అద్దాల మేడలు లేస్తున్నాయి, కంప్యూటర్ల కంపెనీలవి. వాటికి కాంక్రీటు మోసే తలలు ఎన్నున్నా చాలడం లేదు. పోయినవాళ్లు మొదట్లో దేవరకు వచ్చేవాళ్లు. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. మాటలే వచ్చేవి, మనుషులు రావడం మానేశారు.

ఈరప్ప బెంగళూరు పోనన్నాడు. బళ్లారి వైపు కొండలు తవ్వుతుంటే అక్కడ లారీలకు ఇనుముండే ఎర్రరాయి ఎత్తే పనికి కుదిరాడు. ఆ రాయి రైలెక్కి, ఓడెక్కి చైనాకు పోతుందట. దాన్ని కరిగించి అక్కడ వంతెనలూ మేడలూ కడతారట. ఏ దేశంలో ఎవరి మేడకో గానీ, దాని దుమ్మంతా ఈరప్ప రొమ్ములోకి దిగింది. నాలుగేండ్లు ఎత్తాడు. ఐదో ఏడు మంచాన పడ్డాడు. దగ్గితే గుడ్డ మీద ఎర్రగా పడేది. అది మన్నో నెత్తురో నల్లమ్మకు తెలిసేది కాదు. చేని ఆఖరు సాలు ఇసుక కిందికి పోయిన ఏడే ఈరప్పా పోయాడు.

రెండు వేల ఎనిమిదిలో హేమావతి మళ్లీ వచ్చింది. ఈసారి ఒక్కతే, కారులో. పాపట దగ్గర జుట్టు నెరిసింది. బాట సగంలోనే కారు ఇసుకలో దిగబడితే మిగతా దూరం నడిచే వచ్చింది. నల్లమ్మను గుర్తుపట్టి, సంచిలోంచి ప్లాస్టిక్కు తొడిగిన పెద్ద ఫోటో తీసింది.

నీళ్లున్న ఏరు, వరిమళ్లు, బస్సు, మూడు వరసల చెట్లు.

"దీన్ని ఎన్ని దేశాల్లో చూపించినారో తెలుసా నల్లమ్మా? ముందుముందు ప్రపంచం ఎట్లుండబోతుందో చెప్పే పుస్తకానికి అట్టమీద కూడా వేసినారు."

నల్లమ్మ ఫోటోను చాలాసేపు చూసింది. బాట పక్కన వేలు పెట్టింది. మరక ఫోటోలో కూడా ఉంది.

"ఆ పొద్దు నా చెయ్యి జారలేదు మేడం. అది ఇసక గీత. నేనే ఏసింటి. మీరు అడిగినా గూడా చెప్పకపోతిని."

హేమావతి కళ్లు దించుకుంది. "నాకు అనుమానంగానే ఉండె. ఇంకోసారి అడిగుండాల్సింది. జీపు హారన్ కొట్టినారని పోయినా."

దూరంగా బొమ్మక్కపల్లి కానుగ చెట్లు పచ్చగా కనిపిస్తున్నాయి. ఇసుక అక్కడికి పోయి ఆగిపోయింది.

"ఈసారి చెట్లు ఏమన్నా ఇస్తారా?" నల్లమ్మే అడిగింది.

"లేదు. దుడ్లు ఏమీ లేవు. ఇది ఉత్త స్టడీ. అప్పుడు అట్ల వేసినారు, ఇప్పుడు ఎట్ల వేస్తారని చూసేదానికి." ఆ మాట చెప్పడానికి హేమావతికి ముఖం చెల్లలేదు.

బడి మూతపడి మూడేళ్లయింది. దాని అరుగు మీద ఆదెప్ప కూర్చుని ఉన్నాడు. కళ్లకు పొర కమ్మింది. ఎవరొచ్చిందీ గొంతును బట్టి తెలుసుకున్నాడు.

"ఈ తూరి ఉండేది ఉండేట్టు ఎయ్యి కోడలా," అన్నాడు. "నా కాలు అడ్డం రాదులే."

నల్లమ్మ వేసింది. మొదట ఇప్పటి ఊరు. పిండి నేలకు అంటడం లేదు, ఇసుక తాగేస్తోంది. అయినా వేసింది. హేమావతి లెక్కపెట్టుకుంది. పదకొండిళ్లు.

"మిగతావి?"

"మనిషి లేని ఇంటికి ముగ్గు పెట్టం మేడం."

హేమావతి రాసుకుంది. కలం ఆగింది. అడగాలా వద్దా అని తటపటాయించి, వచ్చిన పని కాబట్టి అడిగింది. "ఇంకో ఇరవై ఏండ్లకు?"

నల్లమ్మ పక్కకు వచ్చి చీపురు తీసుకుంది. బడి ముందర ఇసుకను ఒక మూల నుంచి ఇంకో మూలకు ఊడ్చింది. పెద్దపండుగకు వాకిలి ఊడ్చినంత శ్రద్ధగా, ఒక్క అడుగు గుర్తు, ఒక్క మేక గిట్ట గుర్తు లేకుండా. తర్వాత పిండిగిన్నె హేమావతి చేతికిచ్చేసింది. గిన్నెలో పిండి ముక్కాలు అట్లాగే ఉంది.

"ఏసినా మేడం. పోటో తీసుకోండి."

హేమావతి కెమెరా ఎత్తింది. దించేసింది. మళ్లీ ఎత్తింది.

ఎండ పడమటికి వాలింది. ఊడ్చిన ఇసుక మీద నల్లమ్మ నీడ పొడుగ్గా పడుతోంది. ఆమె అది చూసుకుని, ఫోటోలో పడకుండా రెండడుగులు పక్కకు జరిగింది.