నాలుగుసార్లు ఎక్కిన గుమ్మం

కృపారాణి మాధవరాజు ఇంటి గుమ్మం ఎక్కడం అది నాలుగోసారి. భీమవరం దగ్గరి ఆ ఊరికి ఆవిడే నర్సు. రొయ్యల చెరువులున్న మాధవరాజు కూతురు గీతికకు ఏడాది నిండినా తట్టు టీకా పడలేదు.

"ఫోన్లో వీడియో వచ్చిందండి. ఆ సూది వేశాక పిల్లలకి కాళ్లు పడిపోతున్నాయంట," అన్నాడతను కుర్చీలోంచి లేవకుండానే.

"రోగాల టెస్టు చేయించని రొయ్యపిల్లని చెరువులో వదులుతారాండీ మీరు? ఆపాటి జాగ్రత్త పాపకి వద్దా?"

"అది వేరండి. వచ్చే బుధవారం చూద్దాం లెండి."

ఊళ్లో టీకాలు వేసేది బుధవారమే. ప్రతిసారీ అదే మాట. కృపారాణి టీకాల పెట్టె భుజాన వేసుకుని, పళ్లు బిగించి మెట్లు దిగింది.

పది రోజులకు గీతికకు జ్వరం, ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి మూడు రోజులు ఇంట్లోనే ఉంచారు. పాప ఎగశ్వాస తీస్తుంటే అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తారు. తట్టు ముదిరి నిమ్ము చేసిందన్నారు డాక్టరు.

ఎనిమిది రోజులకు గీతిక కోలుకుని ఇంటికొచ్చింది. ఈలోగా పక్కింటి శ్రీదుర్గ కొడుక్కి తట్టు అంటుకుంది. వాడికి ఆరు నెలలే, టీకా వేసే వయసు ఇంకా రాలేదు. చుట్టూ ఉన్న పిల్లలు వేయించుకుంటేనే వాడికి రక్ష. వాడింకా ఆక్సిజన్ మీదే ఉన్నాడు.

ఆ బుధవారం పొద్దున టీకాల పెట్టెతో పాపను చూడ్డానికి వెళ్లిన కృపారాణితో మాధవరాజు అన్నాడు: "మీరు ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందండి."

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. నాలుగుసార్లు! ఎండలో, వానలో, ఒకసారి తనకే జ్వరంగా ఉన్నా వచ్చింది.

"ఆ మాట ఆసుపత్రికెళ్లి శ్రీదుర్గతో అనండి రాజుగారూ."

మాధవరాజు తల దించుకున్నాడు. "నన్నేం చేయమంటారు చెప్పండి," అన్నాడు.

"మీ బావగారు బుల్లిరాజుగారి మనవరాలికీ టీకా పడలేదు. మీరు పంపిన వీడియో చూసే ఆగారంట. పదండి."

అతను బైకు తీసి ఆవిడను ఎక్కించుకున్నాడు. బుల్లిరాజు ఇంటి అరుగు మీద కూర్చుని జరిగిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. బుల్లిరాజు అంతా విని, కృపారాణి వైపు తిరిగాడు.

"పాపం, అలాగా! సరేనండి, వచ్చే బుధవారం చూద్దాం."

కృపారాణి ఈసారి లేవలేదు. టీకాల పెట్టె మూత తీసి, "పాపని తీసుకురండి. ఇక్కడే కూర్చుంటాను," అంది.

మధ్యాహ్నం రెండు దాటాక లోపల్నుంచి పాపను తెచ్చారు.