ఆయిలు పుల్ల

బక్షీస్ అన్న మాట వింటే కొండలరావుకి ఒళ్ళు మండేది. పదేళ్ళు లారీల మీద క్లీనరుగా, మరో పన్నెండేళ్ళు డ్రైవరుగా నలిగి, జగ్గయ్యపేటలో డ్రైవర్ల యూనియన్ పెట్టినవాడు. బడి చదువు మూడో తరగతితో సరి. మిగతాదంతా కరపత్రాలు కూడబలుక్కుని నేర్చాడు. బత్తా పెంచమన్నప్పుడల్లా లారీ యజమానులు ఒకటే పాట పాడేవాళ్ళు, దారిలో మీకు బక్షీసులొస్తాయి కదా అని. చెడిపోయిన కారుని లాగితే రెండు రూపాయలు, దిగబడ్డ బండిని గుంజితే ఒక రూపాయి. ఆ చిల్లర చూపించి జీతం నొక్కేవాళ్ళు. అందుకే కొండలరావు యూనియన్‌లో కట్టుబాటు పెట్టించాడు. సభ్యుడెవడూ బక్షీస్ ముట్టకూడదు, ముట్టుకుంటే పదిమందిలో లేచి తప్పు ఒప్పుకోవాలి. కట్టుబాటు మంచిదే. మంచి కట్టుబాటు చేతిలో ఉంది కదా అని ఎదుటి మనిషి మొహం చూడ్డం మానేస్తేనే వస్తుంది తంటా.

ఇది ఎనభయ్యో సంవత్సరం మార్చిలో జరిగింది. డీజిల్ కరువు రోజులు, పల్లెల్లో ఆయిలు అంటారు దాన్ని. బంకుల ముందు డబ్బాలు వరసగా పెట్టుకుని జనం పడిగాపులు కాస్తున్నారు. లారీ బోల్తాపడి చచ్చిపోయిన ఒక డ్రైవరు భార్య, ఆరోగ్యమ్మ, నష్టపరిహారం కోసం ఏడాదిగా కాళ్ళరిగేలా తిరుగుతోంది. ఆ రోజు లేబరు ఆఫీసరు నందిగామ బంగళాలో కూర్చుంటాడనీ, పదకొండింటికల్లా మనిషి రాకపోతే కాగితం మూసేస్తాడనీ కబురొచ్చింది. కొండలరావు తెలిసిన ప్లీడరుగారి పాత అంబాసిడర్ కారు అడిగి తెచ్చి, ఆమెను ఎక్కించుకుని తనే నడుపుకుంటూ బయల్దేరాడు.

నవాబుపేట దాటాక ఫ్యాను బెల్టు తెగింది. ఆఫీసరు దగ్గర ఏం మాట్లాడాలో వల్లె వేసుకుంటున్న కొండలరావు వేడి ముల్లు చూసుకోలేదు. ఇంజను మాడి పట్టేసింది. డ్రైవర్లకు నాయకుడు, కారుని రోడ్డు మధ్యన చంపుకున్నాడు.

బస్సులు కిక్కిరిసి ఉన్నాయి, ఒక్కటీ ఆగలేదు. లారీలు డీజిల్ లేక తిరగటమే తగ్గించాయి. ఆగినా లాభం లేదు, అడిగి తెచ్చుకున్న కారుని రోడ్డున వదిలిపోతే సాయంత్రానికి చక్రాలుండవు. ఆరోగ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చెట్టు కింద కూర్చుంది. తొమ్మిదిన్నర దాటింది.

అప్పుడొచ్చింది ఒక ట్రాక్టరు, వెనక ఖాళీ ట్రక్కుతో. నడిపేవాడు సాంబయ్య. రోడ్డుకి రెండు మైళ్ళు లోపల వెంకటకృష్ణారావు అనే పెద్ద రైతు దగ్గర ఏడాది జీతానికున్న మనిషి. మిరపబస్తాలు దించేసి ఇంటికి మళ్ళుతున్నాడు. అతను పోవాల్సిన దారి వేరు, నందిగామ వేరు. కొండలరావు సంగతంతా చెప్పాడు. సాంబయ్య ట్యాంకు మూత తీసి లోపలికి ఒకసారి తొంగి చూశాడు. తర్వాత చెట్టు కింద ఆరోగ్యమ్మ వైపు చూశాడు. ట్రక్కులోంచి మోకు తీసి కారు ముందు ఇరుసుకి ముడేశాడు. ట్రాక్టరు వెనక టోచన్ కట్టి, మోకు బిగిసినప్పుడల్లా తెగకుండా నిదానంగా లాక్కుంటూ, పదకొండుకి పదినిమిషాలుండగా నందిగామ బంగళా ముందు నిలబెట్టాడు.

అక్కడ యూనియన్ వాళ్ళు పదిహేనుమంది దాకా కాచుకుని ఉన్నారు. నాయకుడు తాడు కట్టించుకుని వచ్చాడని నవ్వులాట మొదలైంది. ఆ నవ్వులు కొండలరావుకి గుచ్చుకున్నాయి.

ఆరోగ్యమ్మ కొంగుముడి విప్పి, నలిగిన ఐదు రూపాయల కాగితం సాంబయ్య ముందుకు చాపింది. సాంబయ్య చెయ్యి సగం లేచింది. కొండలరావు మధ్యలో దూరి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"లోపల పెట్టు చెల్లెమ్మా. నువ్వేమన్నా షావుకారివా బక్షీసులియ్యటానికి?" అని, సాంబయ్య వైపు తిరిగాడు. "ఏమయ్యా, మొగుడు పోయిన మనిషి దగ్గర చెయ్యి చాపటానికి మనసెట్టా ఒప్పింది నీకు?"

"అది కాదండి. ఆయిలు..."

"ఆయిలూ లేదు, నెయ్యీ లేదు. చాపిన చెయ్యి పిడికిలి అవదు. గుర్తుపెట్టుకో."

పదిహేనుమందీ చప్పట్లు కొట్టారు. సాంబయ్య చేతిని తువ్వాలుకి తుడుచుకున్నాడు. మోకు విప్పి, చుట్ట చుట్టి, ట్రక్కులో పడేసి వెళ్ళిపోయాడు. లోపల కొండలరావు గొంతు బంగళా పెంకులు లేచేలా మోగింది. ఆఫీసరు పరిహారం రాయించాడు. ఆరోగ్యమ్మ వేలిముద్ర వేసి, గోడకి ఆనుకుని ఏడ్చింది. ఆ వేళ కొండలరావు తనంతటివాడు జిల్లాలో లేడనుకున్నాడు.

ఐదో రోజున చందాలకని చిల్లకల్లు పోయి టీ కొట్టు దగ్గర కూర్చుంటే, పక్క బల్ల మీద ఇద్దరు రైతులు చెప్పుకుంటున్నారు. వెంకటకృష్ణారావు ట్రాక్టరు డ్రైవరు దొంగగా దొరికాడట. డీజిల్ అమ్ముకున్నాడట. పశువుల కొట్టం ముందు అందరిలో నిలబెట్టి, కొలిచే పుల్ల చేతికిచ్చి, దొంగతనం నువ్వే చదువుకో అన్నాడట ఆసామి. బండి తాళం లాక్కుని పార చేతికిచ్చాడట. ఒక రైతు నవ్వుతూ, సాంబయ్యని చూస్తే నోట్లో నాలుక లేనివాడు, కడుపులో ఇంత ఉందా అన్నాడు.

కొండలరావు చేతిలో టీ చల్లారిపోయింది. కొలిచే పుల్ల ఏమిటని అడిగితే, పెద్దాయన చెప్పాడు. కందికర్రకి కత్తితో గాట్లు పెట్టి, ఆసాములు సాయంత్రం సాయంత్రం ట్యాంకులో ముంచి చూస్తారు. తిరిగిన పనికి మించి ఒక గాటు తగ్గితే డ్రైవరు పోసి నింపాలి, లేదా దొంగ. లారీకైతే ట్రిప్పు లెక్క, మైళ్ళ లెక్క. కొండలరావు ఇరవై రెండేళ్ళు ఆ లెక్కల్లోనే బతికాడు. ఇంత దగ్గర ఊళ్ళో పుల్ల లెక్క ఒకటి ఉందని అతనికి తెలియదు. తెలియకపోవటం తప్పు కాదు. చెప్పబోయినవాడి నోరు నొక్కటం తప్పు.

అప్పటికప్పుడు నడుచుకుంటూ ఆ ఊరు పోయాడు. మాలపల్లెలో సాంబయ్య ఇల్లు కనుక్కున్నాడు. భార్య జయమణి గుమ్మంలో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. పేరు చెప్పగానే ఆమె చేతులు ఆగాయి.

"చప్పట్లు కొట్టించుకున్న కొండలరావు గారు మీరేనా? కూర్చోండి. కూర్చోబెట్టటానికి నవారు మంచం లేదు."

అతను నిలబడే ఉన్నాడు. తన పిల్లలు బడి నుంచి ఏడుస్తూ వస్తున్నారనీ, దొంగోడి పిల్లలంటున్నారనీ ఆమె చెప్పింది. అంతలో సాంబయ్య పార భుజాన వేసుకుని వచ్చాడు. కొండలరావుని చూసి ముందు వీధి అటూ ఇటూ చూశాడు, ఎవరన్నా గమనించారా అని. తర్వాత లోపలికి రమ్మన్నాడు.

ఇప్పుడే ఆసామి దగ్గరకు పోయి, మోకు కట్టించింది నేనని చెప్తానన్నాడు కొండలరావు. సాంబయ్య భయపడిపోయాడు.

"వద్దండి, మీకు దణ్ణం పెడతా. దొంగనైతే నాలుగు నెల్లకి మరిచిపోతాడు, మళ్ళా తాళం ఇస్తాడు. యూనియనోడి కారు లాగానంటే ఈ జన్మకి ఇయ్యడు. ఊళ్ళోనే ఉండనియ్యడు."

"ఆ రోజు నువ్వు చెప్పబోయింది ఇదేనా?"

"ఐదారు లీటర్లు తగ్గుద్దని ఎక్కేటప్పుడే తెలుసండి. ఆమె కష్టం చూసి కట్టా. ఆ ఐదు రూపాయలుంటే దారిలో ఎవర్నన్నా బతిమాలి కొంత పోయించుకుందామనుకున్నా. బక్షీసు కాదండి అది. పిడికిలి సంగతి నాకు తెల్వదు."

చివరి మాట ఎత్తిపొడుపు కాదు. అతను నిజంగానే అన్నాడు. అదే కొండలరావు తట్టుకోలేకపోయాడు. సాంబయ్య యూనియన్ సభ్యుడు కూడా కాదు. ఆ కట్టుబాటు అతని మీద లేదు. తాడు కట్టించుకుని వచ్చినందుకు నవ్వుతున్న పదిహేనుమంది ముందు తన పరువు నిలుపుకోవటానికి అతని చెయ్యి దొరికింది, అంతే.

జేబులో ఉన్నదంతా తీసి నులక మంచం మీద పెట్టాడు. సాంబయ్య వద్దన్నాడు. జయమణి వచ్చి తీసుకుని కొంగున కట్టుకుంది.

"తీసుకుంటా. మీ మొహాన కొట్టి గొప్పగా ఉండటానికి మా ఇంట్లో గింజల్లేవు. కానీ ఆయన పేరు దీనితో రాదుగా."

ఆ రాత్రంతా ఆలోచించి కొండలరావు ఆరోగ్యమ్మ దగ్గరకు పోయాడు. జరిగింది దాచకుండా చెప్పాడు. ఆసామి దగ్గరకు తనే పోతానంది ఆమె. రోడ్డు మీద కాళ్ళా వేళ్ళా పడి లాగించుకున్నది తానేనని చెప్తాననీ, కొండలరావు పేరు రాదనీ అంది. "అన్నా, నువ్వు మాత్రం రామాక" అంది.

ఊరికే మాటతో పోతే ఆసామి నమ్మడు, ఆయిలు చేతిలో పెట్టాలి. మర్నాడు కొండలరావు డబ్బా పట్టుకుని జగ్గయ్యపేట బంకు ముందు వరసలో నిలబడ్డాడు. తెల్లారేసరికి నిలబడితే ఒంటిగంటకి వంతొచ్చింది. వరసలో సగంమంది తన మనుషులే. ఇది ఎందుకన్నా అని అడిగినవాడికల్లా, పొలం ఇంజనుకని ఒకడికి, జనరేటరుకని ఒకడికి అబద్ధం చెప్పాడు. నిజం చెపితే సాయంత్రానికి వెంకటకృష్ణారావు చెవిన పడుతుంది.

ఆ సాయంత్రం సాంబయ్య ఊరి బయట కల్వర్టు మీద అతను ఆగిపోయాడు. ఆరోగ్యమ్మ డబ్బా నెత్తిన పెట్టుకుని ఒక్కతే లోపలికి నడిచింది. వెయ్యిమంది ముందు మైకులో అరిచినవాడు, ఆ ఆడమనిషి వీపు చూస్తూ కల్వర్టు మీద నోరు మూసుకుని కూర్చున్నాడు. అతను చెయ్యగల మేలల్లా అదే.

గంటన్నరకి ఆమె తిరిగొచ్చింది. ఆసామి ముందు కసిరాడట. తర్వాత పుల్ల తెప్పించి డబ్బా కొలిచి, ముందే ఏడవచ్చు కదరా ఈ సంగతి అని సాంబయ్యని తిట్టి, తాళం విసిరాడట. దొంగ అన్నమాట వెనక్కి తీసుకున్నాడా అని కొండలరావు అడిగాడు. అది తీసుకోలేదన్నా, తాళమిచ్చాడు అంది.

నెలాఖరున యూనియన్ మీటింగు. కట్టుబాటు మార్చాలని కొండలరావు కాగితం రాసుకొచ్చాడు. లాగినవాడికి ఖర్చు ఇచ్చి తీరాలి, అది బక్షీస్ కాదు అని. ఎందుకొచ్చిందీ ఆలోచన అని అడిగారు, నిజం చెపితే సాంబయ్య ఆసామి చెవిన పడుతుంది. తడబడుతుండగా భవానీప్రసాద్ అనే కుర్ర డ్రైవరు లేచాడు. నందిగామ బంగళా దగ్గర తానూ ఉన్నాననీ, ఆ ట్రాక్టరు డ్రైవరు చాపిన చేతిని మన నాయకుడు ఎట్టా దించాడో కళ్ళారా చూశాననీ మొదలుపెట్టాడు. అక్కడ లేనివి కూడా కలిపాడు. జనం ఊగిపోతున్నారు.

"ఆ డ్రైవరు ఎవరనుకున్నారు? నవాబుపేట పక్కన..."

"పేరెందుకయ్యా. కూర్చో," అన్నాడు కొండలరావు.

ఎదుటివాడి పరువు కాపాడుతున్నాడని హాలంతా చప్పట్లు కొట్టింది. కొండలరావు తల దించుకుని, అవి ఆగేదాకా కాగితం మడతలు పెడుతూ నిలబడ్డాడు.