నాలుగు గంటల కొలత

ఆ పిల్లల గదిలో ఒకే ఒక్క నియమం ఉంది. దింపేవాళ్ళు పిల్లకి చెప్పే వెళ్ళాలి, చెప్పిన వేళకే రావాలి. ఏడిస్తే ఏడవనీ, కళ్ళుగప్పి మాత్రం జారుకోకూడదు. ఈ ఒక్క మాట కోసం ఆ గది నడిపే ఆవిడ ముప్పై ఏళ్ళుగా నెత్తీ నోరూ కొట్టుకుంటోంది కాబట్టి తల్లిదండ్రులు ఆవిడకి గడియారం టీచర్ అని పేరు పెట్టారు. చాటుగా పెట్టామనుకున్నారు గానీ ఆవిడకి ఎప్పుడో తెలుసు. ఆ పేరు నచ్చింది కూడా.

భౌతికశాస్త్ర సంస్థ ఆవరణలో, పాత వర్క్‌షాపు వెనక ఉంటుంది ఆ గది. పొట్టి బల్లలు, పిల్లలకి అందేలా గోడకి కొట్టిన కొక్కేలు, ఎంత కడిగినా వదలని పాల వాసన. కిటికీలోంచి చూస్తే ప్రయోగశాల మెట్లు కనిపిస్తాయి. సంస్థలో పనిచేసే ఆడవాళ్ళ పిల్లల కోసం ఆ గది ఇవ్వాల్సిందేనని అప్పట్లో పట్టుబట్టి సాధించింది టీచర్ వాళ్ళమ్మే. ఆ సంగతి ఇప్పుడెవరికీ గుర్తులేదు. గుర్తున్నదల్లా ఆవిడ పట్టుకున్న గీత ఒక్కటే.

ఆ గీత కథ అక్కడ పసిపిల్లాడైనా చెబుతాడు. గాజుపెట్టెలో నిండిన ఆవిరిలో, కంటికి కనబడని కణాలు వెళ్ళిన దారి సన్నటి గీతలా మెరిసి మాయమవుతుంది. అంతవరకూ ఎవరూ చూడని ఒక గీతని ఆ మహాతల్లి ఒకనాడు సాయంత్రం నాలుగూ ఏడు నిమిషాలకి చూసింది. ఏటా ఆ తారీఖున పెద్ద హాల్లో సభ జరుగుతుంది, ఫొటోకి దండ పడుతుంది. కూతురికి మాత్రం ఏటా సరిగ్గా ఆ రోజే తలనొప్పి వస్తుంది.

ఎందుకంటే, రోజూ నాలుగింటికి పిల్లని చూడడానికి వచ్చే తల్లి ఆ ఒక్కరోజు రాలేదు. నాలుగేళ్ళ పిల్ల కిటికీ చువ్వలు పట్టుకుని ఆ మెట్ల వంకే చూస్తూ నిలబడింది. దీపాలు పెట్టాక ఆయా చంకనేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది. తల్లి వచ్చిన వందలాది సాయంత్రాల్లో ఒక్కటీ టీచర్‌కి గుర్తులేదు. రాని ఆ ఒక్క సాయంత్రం మాత్రం చువ్వల తుప్పు వాసనతో సహా గుర్తుంది. "అమ్మా, ఆ రోజు నీకు నేను గుర్తొచ్చానా?" అని అడగాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. అభిమానం అడ్డొచ్చి అడగలేదు. తొమ్మిదేళ్ళ కిందట ఆవిడ కన్నుమూసింది.

ఈ ఏడు ఆవిడ శతజయంతి. ఆవిడ ప్రయోగాల నోటుపుస్తకాలు సర్దే పని పిచ్చుక వాళ్ళమ్మకి అప్పగించారు. పిచ్చుక అంటే రెండున్నరేళ్ళ పిల్ల, గుప్పెడంత ఉంటుందని టీచరే పెట్టిన ముద్దుపేరు. వాళ్ళమ్మ సంస్థలో పరిశోధకురాలు, చురుకైన మనిషి. కానీ రోజూ పొద్దున పిల్ల బొమ్మల్లో పడగానే పిల్లిలా వెనక గుమ్మంలోంచి జారుకునేది.

"చెప్పి వెళ్ళమ్మాయ్."

"చూస్తే ఏడుస్తుంది టీచర్ గారూ."

"చూడకపోతే రోజంతా వెతుక్కుంటోంది. నువ్వు చూడట్లేదు, నేను చూస్తున్నాను."

నిజమే. పిచ్చుక తల్లి వెళ్ళిందని తెలియగానే ఒక చెప్పు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర కూలబడేది. సాయంత్రం తల్లి వచ్చినా దగ్గరికి పోదు, వీపు తిప్పేసి చెక్కముక్కలు పేర్చుకుంటూ ఉంటుంది. "అబ్బో, మా మహారాణికి అలకొచ్చింది!" అని నవ్వేసేది వాళ్ళమ్మ. టీచర్‌కి నవ్వొచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి కాగితాల కట్టతో పరిగెత్తుకొచ్చింది. కళ్ళు వెలిగిపోతున్నాయి.

"టీచర్ గారూ, అమ్మగారి రెండో ఆవిష్కరణ దొరికిందండీ! గీత చూసిన మర్నాటి నుంచీ మార్జిన్‌లో పెన్సిల్‌తో ఈ అంకెలు, అన్నీ సెకన్లలో. మూడువందల పది, రెండువందల ఎనభై, రెండువందల నలభై... అలా తగ్గుతూ వచ్చాయి. గ్రాఫు గీస్తే ఎంత చక్కగా వచ్చిందో చూడండి. సభలో దీనిమీదే మాట్లాడతాను."

టీచర్ కళ్ళజోడు పెట్టుకుంది.

"ఒకటే చిక్కు. రోజూ నాలుగింటికి ఇరవై నిమిషాలు పరికరం వదిలేసి ఎక్కడికో వెళ్ళేవారు, తిరిగొచ్చాకే ఈ అంకె. ప్రయోగం ఆదివారాలూ నడిచింది గానీ ఈ కొలత ఆదివారాలు లేదు. మధ్యలో ఒక నాలుగు రోజులూ లేదు. చివర్లో నాలుగు సెకన్ల దాకా వచ్చింది. మర్నాడు అంకె స్థానంలో అడ్డగీత. అంతే, ఆపేశారు. ఎందుకో మీకేమైనా తెలుసా?"

టీచర్ ఆ అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. ఆదివారాలు ఈ గది తెరవరు. ఆ నాలుగు రోజులు పిల్లలందరికీ గవదబిళ్ళలొచ్చి గది మూసేశారు. అమ్మ రాని ఆ సాయంత్రానికి మర్నాటి సంగతి ఇన్నేళ్ళకి కళ్ళముందుకొచ్చింది. తను బీరువా వెనక దాక్కుంది. అమ్మ పిలవలేదు, లాగలేదు. తలుపు దగ్గర పొట్టి పీట మీద కూర్చుంది. మెడలో వేలాడే స్టాప్‌వాచ్ అరచేతిలో ఉంది.

"ఇది కణం కాదమ్మాయ్," అంది టీచర్. "నేను."

ఆ అంకెలేమిటో చెప్పింది: అలిగిన తను బీరువా వెనక నుంచి అమ్మ ఒళ్ళోకి రావడానికి రోజురోజుకీ పట్టిన సెకన్లు. పిచ్చుక వాళ్ళమ్మ రెండు నెలలు రాత్రీ పగలూ గీసిన గ్రాఫుని ఒళ్ళో పెట్టుకుని, చెక్కముక్కల దగ్గరున్న పిల్ల వీపు వంక చూస్తూ ఉండిపోయింది. తర్వాత కాగితాలు సర్దుకుంది.

అమ్మకి తెలుసన్నమాట! టీచర్‌కి గుండె చెరువైంది. ఆ వెనకే ఒళ్ళు మండింది. కడుపున పుట్టిన పిల్ల కష్టాన్ని కూడా అంకెల్లో వేసుకోవాలా? పోనీ వేసుకుంది, చివరిదాకా ఎందుకు కొలవలేదు? ఇంకో నాలుగు సెకన్లే కదా! విసుగొచ్చి ఉంటుంది. కొత్త గీతలు పిలిచి ఉంటాయి. ఆ అడ్డగీత ముల్లులా గుచ్చుకుని, వారం రోజులు ఆవిడకి అన్నం సయించలేదు.

ఆ అంకెల సంగతి తెలిసిన మర్నాడు పొద్దున పిచ్చుక వాళ్ళమ్మ ముందు గుమ్మంలోనే గొంతుక్కూర్చుంది. "నాన్నా, నేను పనికెళ్తున్నా. నాలుగింటికి వస్తా." పిల్ల గది ఎగిరిపోయేలా ఏడ్చింది. తల్లి కూడా కళ్ళు తుడుచుకుంటూనే వెళ్ళింది. నాలుగింటికి వచ్చి ఆ పొట్టి పీట మీద కూర్చుంది. పిచ్చుక ఇటు తిరగలేదు. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు తల తిప్పి చూసి, మళ్ళీ చెక్కముక్కల్లో పడింది. రెండో వారంలో ఒక చెక్కముక్క తెచ్చి తల్లి ఒళ్ళో పడేసి పారిపోయింది. టీచర్ తనకు తెలియకుండానే గోడ గడియారం చూస్తోంది. ఎంతైనా ఆ తల్లి కూతురు.

సభకి ముందురోజు నాలుగింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పిచ్చుక తల ఎత్తింది. తల్లి గుమ్మంలోకి వచ్చీ రాకముందే చెక్కముక్కలు తన్నేసి, ఒంటి కాలి చెప్పుతో పరుగు లంకించుకుంది. ఆ అమ్మాయి భుజాన సంచీ, చేతిలో ఫైలు, ఇంకో చేతిలో ఫోను, అన్నీ ఒక్కసారిగా నేలపాలయ్యాయి. రేపటి ఉపన్యాసం గదంతా ఎగిరింది. పిల్ల తల్లి మెడ కరుచుకుపోయింది.

"ఎన్ని సెకన్లు పట్టిందమ్మాయ్?" అడిగింది టీచర్.

"ఏమోనండీ, నేను చూడలేదు. చేతులు ఖాళీగా ఉంటే కదా!"

ఆ మాట అన్నాక ఇద్దరికీ నోటుపుస్తకంలోని అడ్డగీత గుర్తొచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టీచర్ పొట్టి పీట మీద కూలబడి, అరవైరెండేళ్ళ మనిషి, పిల్లలందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. పిచ్చుక తల్లి భుజం మీంచి వింతగా చూసింది.

మర్నాడు టీచర్‌కి తలనొప్పి రాలేదు. ఇస్త్రీ చీర కట్టుకుని, హాలుకి బయల్దేరేముందు పిల్లలందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుంది.

"మా అమ్మని చూసి రావడానికి వెళ్తున్నా," అంది. "నాలుగింటికి వచ్చేస్తా."