అనీషా పక్కన ఎవరు కూర్చోవాలి

పోయిన ఏడాది అనీషాను పొద్దున్నించీ సాయంత్రం దాకా ఇనప కంచె పట్టుకుని నిలబడేలా చేసింది మీరే, తెలుగు సంఘం పెద్దలూ. మనం పిక్నిక్‌కి పోయిన ఆటల పార్కు వాళ్లు కాదు. మీరే.

ఐదేళ్ల పిల్ల. నీళ్లలోకి జర్రున జారే దుంగ పడవ ఎక్కాలని ఆశ. అక్కడ బోర్డు మీద ఒక గీత ఉంటుంది. తల ఆ గీతకు అందని పిల్లల పక్కన పెద్దవాళ్లెవరైనా కూర్చోవాలి. తండ్రి తోమాసు రైలు గార్డు, శనివారం సెలవు దొరకదు. తల్లి సువర్ణకుమారి వచ్చింది. కానీ ఎక్కడుంది? మీరు పరిచిన దుప్పటి మీద, మీ చంటిపిల్లల మధ్య. ఒకడికి పాలు కలుపుతూ, ఇంకొకడికి న్యాపీ మారుస్తూ. మీరేమో జంటలు జంటలుగా పడవలెక్కి, తడిసి, కేరింతలు కొట్టారు.

ఆమె నర్సు కదా అంటారు. మీలో అంతమంది డాక్టర్లున్నారు, ఒక్కడైనా తన బిడ్డ ముక్కు తుడిచాడా?

ఈ ఏడాది పార్కు ప్రయాణం మాట్లాడుకోవడానికి మొన్న ఆదివారం ఇక్కడి కెల్లీవిల్ పేటలో సంఘం ప్రెసిడెంటు ఉమామహేశ్వరరావు డాక్టరు ఇంట్లో మీరంతా కూర్చున్నారు. సువర్ణకుమారి కూతుర్ని తీసుకుని చర్చి నుంచి నేరుగా అక్కడికి వచ్చింది. బస్సు సంగతి తేలింది. వంటలు పంచుకున్నారు. ప్రెసిడెంటు భార్య కళావతికి పులిహోర, విద్యావతికి దద్దోజనం, ఇంకెవరికో గారెలు. సువర్ణకుమారి తనూ కాస్త పులిహోర చేసి తెస్తానంది. కళావతి వంటల జాబితా మడిచేసింది.

"నీకెందుకమ్మా శ్రమ," అంది. "నువ్వు పిల్లల్ని చూసుకో చాలు. నీ చేతిలో అయితే కిక్కురుమనరు."

శ్రమట. ఆమె కలిపిన పాలు మీ బిడ్డల కడుపులోకి పోవచ్చు, ఆమె కలిపిన పులిహోర మీ పళ్లెంలోకి రాకూడదు. సముద్రం దాటేటప్పుడు ఊరగాయ జాడీలతో పాటు మీ కులాన్ని కూడా పెట్టెలో సర్దుకొచ్చారు. దాని పేరెత్తే దమ్ము లేక శ్రమ అంటారు.

ప్రెసిడెంటు చమత్కరించాడు. "మనకు క్వాలిఫైడ్ స్టాఫ్ ఉంది, ఇంక వర్రీ ఎందుకు?"

అందరూ నవ్వారు. సువర్ణకుమారి కూడా అలవాటు కొద్దీ నవ్వబోయింది. అనీషా ఆమె కొంగు లాగింది.

"మమ్మీ, ఆర్ యూ మైండింగ్ ద బేబీస్ అగెయిన్?" మళ్లీ నువ్వే ఆ పిల్లల్ని చూసుకుంటావా అని.

ఏడాదిలో పిల్ల కాస్త ఎదిగింది. గీత ఇంకా దాని తలకు పైనే ఉంది. తల్లి నవ్వు ఆగిపోయింది.

"ఈసారి నేను పడవెక్కుతానండీ," అంది. "మా అమ్మాయి పక్కన."

ఇంజనీరు ఈశ్వరప్రసాద్ కంగారుపడ్డాడు. "మరి మావాణ్ణి ఎవరు ఎత్తుకుంటారమ్మా?"

"మీరేనండీ. వాడి నాన్న మీరే కదా."

కళావతి మొహం మాడ్చుకుంది, ఇంత చిన్న విషయానికి ఇలా మాట్లాడుతుందనుకోలేదంది. ప్రెసిడెంటు టీ కప్పు కింద పెట్టి, అదంతా పార్కులో చూసుకుందాంలే అన్నాడు.

పార్కులో మీరు చూసుకునేది మాకు తెలుసు. బస్సు దిగీ దిగగానే ఒక్కొక్కరూ ఆమె ఒళ్లో బిడ్డను పడేసి, ఇప్పుడే వస్తాం సువర్ణా అని మాయమవుతారు. పసిబిడ్డను నేల మీద వదిలేసి పోయే మనిషి కాదామె. అది తెలిసే ఆ పని చేస్తారు.

కాబట్టి పార్కులో కాదు, బస్సు దగ్గరే తేలాలి. వచ్చే శనివారం ఎవరి బిడ్డను వాళ్లు చంకనేసుకుని బస్సెక్కండి. తండ్రులూ, మీకే చెప్తున్నా, పాలసీసా సంచీ మీ భుజాన వేలాడాలి. సువర్ణకుమారి పులిహోర తెస్తుంది, మిమ్మల్ని అడగదు. ఆ గిన్నెను కళావతి గారి గిన్నె పక్కన పెట్టి ముందు మీరు వడ్డించుకోండి. ఆ తల్లీకూతుళ్లకు అడ్డు తప్పుకుని, మొదటి పడవ ఎక్కనివ్వండి.