అత్త సంతకం

లాండ్రీ అత్త చనిపోయిన మూడు వారాలకు, ఆమె మీద తీసిన సినిమా ఎంపికైందని చిత్రోత్సవం వాళ్ల ఉత్తరం వచ్చింది.

తీసినామెకు ముప్పై ఎనిమిదేళ్లు. అయినా ఇంట్లో ఆమెను ఇప్పటికీ చిన్నదీ అనే పిలుస్తారు. అక్క ఆసుపత్రిలో నర్సు. ఆ అక్క ఇంట్లోనే ఒక గదిలో ఉంటూ, అక్క పనిచేసే ఆసుపత్రి నేలమాళిగలోనే చిన్నది నాలుగేళ్లు కెమెరా పట్టుకుని తిరిగింది. అక్కడ మనిషెత్తు ఉతికే యంత్రాలు, ఆవిరి, కాలు జారే నేల. వాటి మధ్య ముప్పై నాలుగేళ్లుగా దుప్పట్లు ఉతుకుతున్న, ఆసుపత్రిలో అందరూ లాండ్రీ అత్త అని పిలిచే మనిషి. దుప్పటి ముడతలు చూసి, "ఈయన రాత్రంతా కూర్చునే ఉన్నాడు, పడుకోలేదు" అనేది. "ఈవిడ రేపో ఎల్లుండో ఇంటికెళ్తుంది, చూడు" అనేది. చాలాసార్లు అంతే జరిగేది. చిన్నదానికి తోడు ఎవరూ లేరు. కెమెరా, మైకు, ఎడిటింగు అన్నీ ఆమే. వయసులో ఉన్న నాలుగేళ్లు ఆ ఆవిరిలోనే పోయాయి.

ఉత్తరంలో మొదటి పేరా అభినందనలు. రెండో పేరా ఆమె మూడుసార్లు చదివింది. సినిమాలో కనిపించేవాళ్ల అనుమతి పత్రాలు పది రోజుల్లో పంపాలి. ఎవరైనా చనిపోయి ఉంటే వారసుల సంతకం కావాలి.

ఆసుపత్రి అనుమతి ఉంది. మిగతా పనివాళ్లందరి సంతకాలూ ఉన్నాయి. అత్తదే లేదు. మొదటి నెలలో ఒకసారి చిన్నది కాగితం తీసింది. అత్త నవ్వి, మనమేమైనా ఆస్తి పంచుకుంటున్నామా, మన మధ్య కాగితమేమిటే అంది. మళ్లీ అడగడానికి చిన్నదానికి మొహం చెల్లలేదు. ఈరోజు కాదు రేపు అనుకుంటూనే నాలుగేళ్లు గడిచాయి. అత్త ఒక ఉదయం బస్సు దిగుతూ పడిపోయి మరి లేవలేదు.

అక్క సంగతి విని తలుపు దగ్గరికి వేసింది. అత్త సెలవు చీటీలు తన దగ్గర ఉన్నాయంది. పాత తేదీ వేసి ఆ సంతకం దించేస్తే అడిగేవాళ్లెవరంది. చెల్లెలి మీద ప్రేమతోనే అంది. చిన్నది ఉత్తరం కవరు వెనక ఏడుసార్లు ఆ సంతకం పెట్టి చూసింది. అత్త చివరి అక్షరం ఎప్పుడూ కిందికి జారిపోయేది. ఏడోసారికి అచ్చం అలాగే జారింది. అది చూడగానే కవరు ముక్కలు చేసి, చెప్పులు వేసుకుని బయటపడింది.

వెళ్లింది మేనేజరు గారి దగ్గరికి. ఆయన నలభై చిన్న సినిమాలకు ప్రొడక్షన్ పని చూసిన మనిషి. ఇప్పుడు కోర్టు ఎదుట జిరాక్సు షాపు నడుపుతున్నాడు. యంత్రంలో కాగితాలు పెడుతూనే అంతా విన్నాడు. చేతులు కాలాక వచ్చావన్నాడు. సంతకం కెమెరా మూత తీయకముందే పెట్టించుకోవాలి, స్నేహం కుదిరాక ఎవరూ అడగలేరు అన్నాడు. దొంగ సంతకం సంగతి ఆమె చెప్పకముందే ఆయనకు అర్థమైనట్టుంది. ఒక చిత్రోత్సవం తప్పిపోతే జనం ఏడాదిలో మరిచిపోతారనీ, దొంగ కాగితం పంపినవాళ్లను మాత్రం ఎవరూ మరిచిపోరనీ అన్నాడు. వారసుడైన అత్త కొడుకు దగ్గరికి వెళ్లమన్నాడు. అతను ఒప్పుకోకపోతే, గడువు దాటాక కాదు, గడువు లోపలే ఉన్న సంగతి ఉన్నట్టు రాసి పంపమన్నాడు.

చివరికి తలెత్తి, "తిండికి ఇంకో పని చూసుకో అమ్మాయ్. ఈ ఒక్క సినిమా మీదే బతుకంతా పెట్టావనుకో, దాని కోసం ఏ పనికైనా తెగిస్తావు" అన్నాడు.

అత్త కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. గోతిలో నిలబడి, పైనున్న బస్సు అడుగుభాగం బిగిస్తూ మాట్లాడాడు. మా అమ్మ ఉతికిన మురికి గుడ్డలు చూపించి మీరు పేరు తెచ్చుకుంటారా అన్నాడు. ఆమె బతిమాలింది. రెండో రోజూ వెళ్లి బతిమాలింది. మూడో రోజు అతను గోతిలోంచి పైకి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, ఆదివారం ఇంటికి తెచ్చి చూపించండి, చూశాకే సంతకం అన్నాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది చిన్నదానికి. ఎందుకంటే సినిమాలో నాలుగు నిమిషాలున్నాయి.

అందులో అత్త తన కూతురి గురించి చెబుతుంది. పదకొండేళ్ల పిల్ల, పై అంతస్తు వార్డులో జ్వరంతో ఉంది. పక్కన పదిహేనేళ్ల అన్నను కూర్చోబెట్టి అత్త పనిలోకి దిగింది. మధ్యాహ్నం, చనిపోయినవాళ్ల పక్క గుడ్డలు విడిగా కట్టి పంపే మూట వచ్చింది. విప్పితే, పొద్దున తన చేత్తో నీలం దారంతో అతుకు వేసి కూతురికి పరిచిన దుప్పటి. "ఉతికాను. ఉతికే పైకెక్కాను. మెట్ల మీద వాడు ఎదురొచ్చాడు, చేతిలో బంతి. చెల్లి పడుకుందమ్మా, ఇప్పటిదాకా పక్కనే ఉన్నా అన్నాడు. సరే నాన్నా అన్నాను. వాడు అక్కడ లేడని నాకు తెలుసు. నాకు తెలుసని వాడికి తెలీదు. తెలియనివ్వలేదు."

చిత్రోత్సవం వాళ్లు తమ ఉత్తరంలో ప్రత్యేకంగా మెచ్చుకున్నది ఆ నాలుగు నిమిషాలనే.

ఆమె శనివారమంతా కూర్చుని అవి తీసేసి ఇంకో కాపీ తయారు చేసింది. ఇతనికి ఇది చూపిస్తుంది, చిత్రోత్సవంలో అసలుది వేస్తారు. ఆ ఊరు ఎక్కడో దూరం. బస్సుల కింద పనిచేసే మనిషి అంతదూరం వస్తాడా? ఇది పాపమని తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు.

ఆదివారం అతనూ భార్యా చూశారు. అత్త జోకులకు నవ్వారు. అత్త ఖాళీ యంత్రం మీద చెయ్యి వేసి నిలబడే చోట అతను మొహం తిప్పుకున్నాడు. సినిమా అయ్యాక కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. ఆమెను గుమ్మం దాకా సాగనంపుతూ, "ఇదేనా మేడమ్ మొత్తం? ఇంకేమీ లేదు కదా?" అన్నాడు. మామూలుగానే అడిగాడు.

"ఇంతే అన్నా" అంది చిన్నది.

బస్టాపులో నిలబడింది. బస్సు వచ్చింది. ఎక్కలేకపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్లిపోయింది. కాగితం సంచిలో ఉంది. సంచి భుజాన్ని కిందికి లాగుతున్నట్టుంది. ఆమె అక్కడే బెంచీ మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. తర్వాత లేచి వచ్చిన దారినే నడిచి, మూడు అంతస్తులెక్కి తలుపు కొట్టింది.

"అబద్ధం చెప్పాను అన్నా. ఇంకో నాలుగు నిమిషాలుంది. అది మీ గురించే."

అతను ల్యాప్‌టాప్ తీసుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. తలుపు వెనక నుంచి అత్త గొంతు వినిపించింది. అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలైంది. భార్య ఏమీ అర్థంకాక వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. బయటికి వచ్చినప్పుడు అతని మొహం పాలిపోయి ఉంది. చిన్నది బల్ల మీద పెట్టిన కాగితాన్ని మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

"వెళ్లండి మేడమ్" అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆమెకు కొంత తేలికయ్యేది.

గడువు మూడు రోజులుంది. రెండు రోజులు ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంది. మూడో రోజు మేనేజరు గారు చెప్పినట్టే ఉన్న సంగతి రాసి పంపింది. సినిమాను జాబితా నుంచి తీసేస్తున్నామని రెండు వాక్యాల జవాబు వచ్చింది. అక్క ఆమెతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. నోటి దాకా వచ్చిన కూడు నేలపాలు చేసుకున్నావని మాత్రం ఒకసారి అంది. చిన్నది గోడవైపు తిరిగి పడుకుంది. లేచి స్నానం చెయ్యాలన్నా పెద్ద పనిలా ఉండేది. కెమెరా మీద దుమ్ము పట్టింది, తుడవలేదు. నాలుగేళ్లూ ఎందుకు తీసినట్టో, అత్తను అడిగి అడిగి ఆ గాయం ఎందుకు విప్పించినట్టో ఆమెకు తోచలేదు. ఒక తల్లి ముప్పై ఏళ్లు దాచిన మాటను తను ఒక్క సాయంత్రంలో కొడుకు ముందు పోసి వచ్చింది.

మేనేజరు గారే ఒక లిఫ్టుల కంపెనీలో పని ఇప్పించాడు. లిఫ్టు మధ్యలో ఆగితే ఏం చెయ్యాలో పనివాళ్లకు నేర్పే చిన్న వీడియోలు. ఆమె బుద్ధిగా తీసింది. ప్రతివాడి చేతా ముందు సంతకం పెట్టించుకుంది.

ఐదు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ కంపెనీ గేటు దగ్గర అత్త కొడుకు నిలబడి ఉన్నాడు, డిపో బట్టల్లోనే. అక్కను అడిగి చిరునామా తెలుసుకున్నాడట. జేబులోంచి అదే కాగితం తీసి ఇచ్చాడు. మడతల దగ్గర నలిగిపోయింది. సంతకం కింద కొత్తగా ఒక వాక్యం రాసి ఉంది. ఆ నాలుగు నిమిషాలతో సహా తనకు సమ్మతమేనని.

"బంతాటకి వెళ్లిన సంగతి మా ఆవిడకి చెప్పాను. పిల్లలకీ చెప్పాను" అన్నాడు. డ్యూటీకి టైమవుతోందని వెళ్లిపోయాడు.

మొదట ఎంపిక చేసిన పెద్ద చిత్రోత్సవం ఆ సినిమాను మళ్లీ తీసుకోలేదు. మరుసటి ఏడు ఇంకో ఊళ్లో చిన్న ఉత్సవంలో, మధ్యాహ్నం ఆటగా వేశారు. నూటయాభై కుర్చీల హాల్లో నలభై మంది ఉన్నారు. అతనూ భార్యా చివరి వరసలో కూర్చున్నారు. ఆ నాలుగు నిమిషాలూ చిన్నది తెర వైపు చూడలేదు. కళ్లు మూసుకుని కూర్చుంది.

ఆట అయ్యాక బయట మెట్ల దగ్గర అతను ఆమె పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కసారి కొట్టి ఉంటే బాగుండేది మా అమ్మ" అన్నాడు.

ముగ్గురూ కలిసి బస్టాపు వరకు నడిచారు. వాళ్ల బస్సు ముందు వచ్చింది.